కోపానికి కారణం మందులా, తిండా? మెడికల్ షాపు కౌంటర్ దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

డాక్టర్ చీటీ మీద రాసేది మందు. సాయంత్రం సీసాలో కొనేదీ మందే. ‘మావాడికి ఎవరో మందు పెట్టారు’ అన్నప్పుడు అదీ మందే. మాది హైవే పక్కన ఉన్న ఒక చిన్న టౌను, అటు ఆంధ్ర, ఇటు తెలంగాణ. మెడికల్ షాపు పెట్టి ఇరవై ఏళ్లు దాటింది. ఈ మూడు రకాల మందుల గురించీ జనం నన్నే అడుగుతుంటారు. అందులోనూ కోపం గురించి అడిగేటప్పుడు గొంతు తగ్గించి, పక్కన ఎవరూ లేకుండా చూసుకుని అడుగుతారు. అలా అడిగినవే ఇవి. నేను ఫార్మసిస్టుని, డాక్టర్ని కాను. ఇది చదివి ఎవరూ ఏ మాత్రా మొదలుపెట్టకండి, ఆపకండి.

మందో, తిండో మనిషి స్వభావాన్ని మార్చేస్తుందా? ఇదంతా సాకు కాదా?

స్వభావం మారుతుందని నేను అనుకోను. ఓపిక మాత్రం తరుగుతుంది. మెదడు లోపల కోపాన్ని, భయాన్ని రేపే భాగాలు ఉంటాయి. నుదుటి వెనక ఉండే భాగం వాటికి కళ్లెం వేసి పట్టుకుంటుంది. మద్యం, నిద్రలేమి, రక్తంలో షుగర్ పడిపోవడం ఈ కళ్లేన్ని వదులు చేస్తాయి. స్టెరాయిడ్ల లాంటివి గుర్రాన్నే అదిలిస్తాయి.

సాకా, నిజమా అని తేల్చడానికి నేను అడిగే మొదటి మాట “ఎప్పటి నుంచి?” అనే. “పెళ్లయినప్పటి నుంచీ ఇంతేనండీ” అంటే అది మాత్రల మీదకు నెట్టే వ్యవహారం కాదు. “దసరాకి బాగానే ఉన్నాడు, దీపావళికి ఇలా అయ్యాడు” అంటే మాత్రం వెతకాలి. ఆ మధ్యలో కొత్తగా ఏది మొదలైంది, ఏది ఆగింది, ఏ డోసు మారింది? చాలా ఇళ్లలో జవాబు వంటింటి గోడ మీదే దొరుకుతుంది. పాల లెక్క రాసుకునే కాలెండర్లోనే ‘డాక్టర్’, ‘గ్యాస్ వచ్చింది’, ‘ఏకాదశి’ అని కూడా రాసి ఉంటాయి కదా. గొడవ జరిగిన రోజుల్ని కూడా అందులోనే చుక్క పెట్టమంటాను.

ఏ మందుల మీద ముందు అనుమానపడాలి?

జాబితా పెద్దదే. మా కౌంటర్ మీదుగా రోజూ పోయేవాటి వరకు చెబుతాను.

మొదటిది ఫిట్స్‌కి ఇచ్చే లెవెటిరాసెటమ్. మంచి మందు, ఎన్నో కుటుంబాలను నిలబెట్టింది. కానీ కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, చిరాకు, మొండితనం, చేతికందింది విసిరేయడం లాంటివి తెస్తుంది. ఒకసారి ఒకామె ఏడేళ్ల బాబుని తీసుకొచ్చింది. ఆమె చేతి మీద పంటి గాట్లు. “ఎవరు కొరికారమ్మా?” అంటే “వీడే, వాళ్ల చెల్లిని కొడుతుంటే ఆపబోయాను, నన్ను కొరికాడు” అంది. బాబు వంక చూస్తే బెరుగ్గా ఉన్నాడు తప్ప రౌడీలా లేడు. చీటీ చూస్తే సిరప్ మొదలై సరిగ్గా మూడు వారాలు. “స్కూల్లో ఏదో నేర్చుకున్నాడనుకుని నాలుగు వేశానండీ” అని చెబుతూ ఆమె కళ్లు తుడుచుకుంది. డాక్టర్‌కి ఫోన్ చేయించాను. ఆయన మందు మార్చారు. నెల తర్వాత అదే బాబు వచ్చి కౌంటర్ మీద చాక్లెట్ డబ్బా వైపు చూస్తూ నిలబడ్డాడు.

రెండోది స్టెరాయిడ్లు: ప్రెడ్నిసలోన్, డెక్సామెథసోన్. ఆయాసానికీ, కీళ్ల వాతానికీ, చర్మ వ్యాధులకీ ఇస్తారు. నిద్ర పట్టకపోవడం, ఉత్సాహం పొంగిపోవడం, ఉన్నట్టుండి ఏడుపు, ఉన్నట్టుండి కోపం, ఇవన్నీ వీటితో రావచ్చు. డోసుని బట్టి ఉంటుంది. 1972లో అమెరికాలో ఆసుపత్రి రోగుల మీద వేసిన లెక్కలో, రోజుకు 40 మిల్లీగ్రాములు, అంతకు లోపు ప్రెడ్నిసోన్ తీసుకున్నవారిలో మానసిక ఇబ్బందులు 1.3 శాతం మందికి వస్తే, 80 దాటినవారిలో 18.4 శాతం మందికి వచ్చాయి. ఒళ్లు రావడానికని చీటీ లేకుండా డెక్సా అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేనివ్వను.

మూడోది చాలామందికి తట్టనిది, జలుబు మాత్ర. మాంటెలుకాస్ట్, లెవోసెట్రిజిన్ కలిపిన బిళ్లని తుమ్మితే చాలు రాసేస్తున్నారు, అడిగి కొనేస్తున్నారు. ఇందులో మాంటెలుకాస్ట్ వల్ల కొందరికి పీడకలలు, చిరాకు, దూకుడు, చావు ఆలోచనలు రావచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2020 మార్చిలో తన అత్యంత గట్టి హెచ్చరికను పెట్టించింది. మామూలు అలర్జీ జలుబుకి వేరే మందులు పని చేయనప్పుడే దీన్ని వాడమంది. ఆస్తమా పిల్లలకి అవసరమైతే వాడాల్సిందే. కానీ రాత్రుళ్లు ఉలిక్కిపడి లేచి అరుస్తున్నాడంటే దిష్టి తీయడంతో పాటు డాక్టర్‌కి ఒక మాట చెప్పండి.

ఇవి కాక, థైరాయిడ్ మాత్ర డోసు ఎక్కువైతే గుండె దడ, చెమటలు, చిర్రుబుర్రులు. క్షయకి మొండి కేసుల్లో ఇచ్చే సైక్లోసెరిన్‌తో మతి చలించడం కూడా ఉంది. దాన్ని ఇచ్చేటప్పుడే ఇంట్లోవాళ్లకి చెప్పి పంపాలి.

అయితే ఆ ఫిట్స్ మందు ఈ రోజే ఆపేయనా?

వద్దు. ఫిట్స్ మందు టక్కున ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. చాలా రోజులుగా వాడుతున్న స్టెరాయిడ్లూ అంతే, శరీరం సొంతంగా చేసుకునే హార్మోన్ పడుకుండిపోయి ఉంటుంది. మార్చడం, తగ్గించడం రాసిన డాక్టర్ పని.

డిప్రెషన్‌కి మాత్రలు మొదలెట్టాక మా అమ్మాయికి చిరాకు పెరిగింది. మందు పడలేదా?

పడకపోవడమూ కావచ్చు, మొదట్లో వచ్చే అలజడీ కావచ్చు. ఫ్లూఆక్సెటిన్, ఎసిటలోప్రామ్ లాంటివి పూర్తిగా పని చేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతకు ముందే కొందరిలో కుదురు లేకపోవడం, నిద్ర చెడటం కనిపిస్తాయి. చిన్న వయసువారిలో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికాలో 2004లో హెచ్చరిక పెట్టారు, 2007లో దాన్ని 24 ఏళ్ల వరకు పొడిగించారు. అందుకే మొదటి నెలలో అమ్మాయిని ఒంటరిగా వదలకండి, మళ్లీ రమ్మన్న తేదీ తప్పించకండి. నిద్ర లేకపోయినా హుషారు తగ్గకుండా, మాటలు ఆగకుండా, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు పెడుతుంటే ఆ రోజే డాక్టర్‌కి చెప్పండి. లోపల దాగి ఉన్న బైపోలార్ జబ్బు (హద్దు మీరిన హుషారు, దిగులు మార్చి మార్చి వచ్చేది) బయటపడుతూ ఉండొచ్చు.

‘పిచ్చి మాత్రలు వేసుకుంటే పిచ్చి పడుతుంది’ అని చుట్టాలు చెప్పే మాట మాత్రం నమ్మకండి. చికిత్స లేకుండా వదిలేసిన డిప్రెషన్ కూడా, ముఖ్యంగా మగవాళ్లలో, ఏడుపుగా కాక కోపంగానే బయటికొస్తుంది.

తాతయ్య రాత్రంతా గోల చేస్తుంటే నిద్ర మాత్ర ఇచ్చాం. ఇంకా రెచ్చిపోయారు. ఎందుకని?

అల్ప్రజోలమ్, డయజిపామ్ లాంటివి పెద్దవాళ్లలోనూ, చిన్నపిల్లల్లోనూ ఒక్కోసారి తిరగబడతాయి. నిద్ర రావాల్సింది పోయి గందరగోళం, తిట్లు, మంచం దిగి పడిపోవడం. అసలు ముందు అడగాల్సింది, ఆ గోల ఎందుకు మొదలైందని. నిన్నటి దాకా బాగున్న పెద్దాయన రెండు రోజుల్లో మనుషుల్ని గుర్తుపట్టకుండా కొట్టడానికి వస్తున్నారంటే మూత్రంలో ఇన్ఫెక్షన్, సోడియం పడిపోవడం, నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, కొత్త మందు, ఇలాంటిదేదో ఉంటుంది. దాన్ని ‘వయసు మీద పడి చాదస్తం’ అని వదిలేయడం, పక్కింటివాళ్ల నిద్ర మాత్ర సగం విరిచి వేయడం, రెండూ ప్రమాదమే.

మా ఆయనకి షుగర్. మధ్యాహ్నం భోజనం వేళకి రోజూ గొడవే. వంట నచ్చకా, నేను నచ్చకా?

ఒకావిడ అచ్చంగా ఇలాగే అడిగింది. ఆమె భర్త పొద్దున ఏడింటికి గ్లిమిపిరైడ్ వేసుకుని రెండు ఇడ్లీలు తిని కొట్టుకి వెళ్తాడు. ఒంటిగంటకి రావాల్సినవాడు బేరాలు చూసుకుని రెండింటికి వస్తాడు. రాగానే చెప్పులు విసిరేయడం, చెమటలు, ‘మంచినీళ్లు ఇవ్వడానికి ఇంతసేపా’ అని కేక. తిన్న పావుగంటకి ఏమీ జరగనట్టు పేపర్ చదువుకుంటాడు. “ఈసారి అరిచినప్పుడు మాట తిరిగి అనకుండా వేలు పట్టుకుని షుగర్ చూడమ్మా” అన్నాను. 58 వచ్చింది. 70 కంటే తగ్గితేనే తక్కువ కింద లెక్క.

షుగర్ పడిపోయినప్పుడు శరీరం అడ్రినలిన్ వదులుతుంది. చేతులు వణకడం, చెమట, గుండె దడ, కోపం అన్నీ దాని పనే. ఇంకా తగ్గితే మెదడుకే ఇంధనం చాలక మాట తడబడుతుంది. తాగొచ్చాడని అనుకుంటారు. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకీ, గ్లిమిపిరైడ్ రకం మాత్రలు వేసుకునేవాళ్లకీ ఈ ప్రమాదం ఎక్కువ. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి చాలా అరుదు.

అప్పుడు చేయాల్సింది: మూడు టీ స్పూన్ల పంచదార నీళ్లలో కలిపి తాగించడం, పావుగంట ఆగి మళ్లీ చూడటం, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వడం, తర్వాత భోజనం. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. కార్తీక సోమవారాలు, రంజాన్ ఉపవాసాలు ఉండేవాళ్లు మాత్రల సమయం, డోసు ముందే డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. దేవుడి కోసం తిండి మానేసి మాత్ర మాత్రం యథావిధిగా వేసుకునేవాళ్లని ప్రతి ఏడాదీ చూస్తున్నాను.

షుగర్ లేనివాళ్లకి కూడా ఆకలేస్తే కోపం వస్తుంది కదా?

వస్తుంది. 2014లో అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ బృందం 107 జంటల మీద ఒక చిత్రమైన ప్రయోగం చేసింది. ఒక్కొక్కరికీ ఒక గుడ్డ బొమ్మ, 51 గుండుసూదులు ఇచ్చి, ‘ఇది మీ భర్త, ఇది మీ భార్య, రోజూ రాత్రి ఎంత కోపం ఉంటే అన్ని సూదులు గుచ్చండి’ అన్నారు. 21 రోజుల పాటు రక్తంలో చక్కెర కూడా చూశారు. రాత్రిపూట చక్కెర తక్కువున్నవాళ్లు సూదులు ఎక్కువ దించారు. చూసి నవ్వుకోవడానికి బాగుంది గానీ, ఒక్క ప్రయోగం మీద ఇల్లు కట్టలేం. చక్కెరకీ నిగ్రహానికీ ఉన్న సంబంధం మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తోంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో ఒక పూట తినకపోతే చక్కెర ప్రమాదకరంగా ఏమీ పడిపోదు.

నా అనుమానం ఒకటుంది. ఏకాదశి రోజు ఇంట్లో వినిపించే కసుర్లలో సగం ఆకలివి కావు, కాఫీవి.

కాఫీ, టీ కోపాన్ని పెంచుతాయా?

తాగినప్పుడు కన్నా మానేసినప్పుడే ఎక్కువ. రోజూ తాగేవాళ్లు ఒక్కసారి ఆపితే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి, చిరాకు మొదలవుతాయి. వారం పైగా కూడా ఉండొచ్చు. కెఫీన్ సగం ఖర్చవడానికి ఇంచుమించు ఐదు గంటలు పడుతుంది. కాబట్టి సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ రాత్రి పదకొండింటికి ఇంకా సగం ఒంట్లోనే ఉంటుంది. నిద్ర చెడిపోతే మర్నాటి కోపానికి వేరే కారణం అక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ వరకు ఫరవాలేదంటారు. అంటే గట్టి ఫిల్టర్ కాఫీ నాలుగు కప్పులకి అటూ ఇటూగా.

సిగరెట్, ఖైనీ, గుట్కా మానినవాళ్ల సంగతి ఇంకా కష్టం. మొదటి వారం చిరాకు మరీ ఎక్కువ, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుతుంది. ‘మానేశాక మీరు రాక్షసుడయ్యారు, మళ్లీ కాల్చుకోండి’ అని ఇల్లాలే డబ్బులిచ్చి పంపిన కేసు నాకు తెలుసు. పదో రోజున. ఇంకో పది రోజులు ఓర్చుకుని ఉంటే గండం గడిచేది.

మందు తాగితే మనిషి అసలు రూపం బయటపడుతుందంటారు. నిజమేనా?

బయటపడేది కళ్లెం లేని రూపం. మద్యం నుదుటి వెనక భాగాన్ని మందగింపజేస్తుంది. దాంతో మనిషికి కళ్ల ముందున్నది తప్ప రేపటి సంగతి కనపడదు. ఎదురుగా ఎవరో నవ్వితే తనని చూసే నవ్వారనిపిస్తుంది. ఆ నవ్వే పెద్దదైపోతుంది, పోలీస్ స్టేషన్, పరువు, పిల్లలు చిన్నవైపోతాయి.

కానీ ఇందులో రసాయనం ఒక్కటే లేదు. 1975లో అమెరికాలో ఒక ప్రయోగంలో కొందరికి వోడ్కా కలిపిన పానీయం, కొందరికి ఉత్త టానిక్ నీళ్లు ఇచ్చి, ఏది ఇచ్చారన్న విషయంలో సగం మందికి అబద్ధం చెప్పారు. వోడ్కా తాగామని నమ్మినవాళ్లే ఎక్కువ దూకుడు చూపించారు, నిజంగా తాగినా తాగకపోయినా. తర్వాతి పరిశోధనల్లో మద్యం సొంత ప్రభావం కూడా ఉందని తేలింది గానీ, ‘తాగాను కాబట్టి చెల్లుతుంది’ అనే ధీమా పాత్ర ఉందన్నది తీసిపారేయలేం. మా వీధిలో చూడండి. తూలుతూ వచ్చేవాడు ఎస్సై ఎదురైతే చొక్కా సర్దుకుని నమస్కారం పెడతాడు. గుమ్మం దాటాకే చెయ్యి లేస్తుంది. ఆ వంద గజాల్లో మత్తు పెరిగిందా?

ఇది మన ఆడవాళ్లకి ప్రయోగశాలలు చెప్పక ముందే తెలుసు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్లి అక్షరాలు దిద్దుకున్న మహిళలు సారాయి బండిని అడ్డుకున్నారు. రోసమ్మ లాంటివాళ్లు ముందు నిలబడ్డారు. ఊరి నుంచి ఊరికి పాకింది. 1993లో సారాయి నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ రెండో నిషేధాన్ని సడలించారు. ఆ ఉద్యమంలో వాళ్లు చెప్పింది కూలి డబ్బుల గురించి ఎంతో, దెబ్బల గురించీ అంతే.

తాగి చేసిన నేరానికి కోర్టులో మినహాయింపు ఉంటుందా?

తనకు తెలియకుండా ఎవరైనా మత్తు ఇస్తేనో, బలవంతంగా తాగిస్తేనో, ఆ మత్తులో తానేం చేస్తున్నాడో తెలియని స్థితి ఉంటేనే రక్షణ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఇది 23వ సెక్షన్. ఇష్టపడి తాగినవాడి సంగతి 24వ సెక్షన్‌లో ఉంది. ఏం చేస్తున్నాడో అతనికి తెలిసినట్టే లెక్క వేస్తుంది.

తిండి మీదకు నెట్టిన కేసు అని ప్రపంచమంతా చెప్పుకునేది శాన్‌ఫ్రాన్సిస్కోది. 1978 నవంబర్ 27న డాన్ వైట్ అనే మాజీ నగర సభ్యుడు మేయర్ జార్జ్ మోస్కోనీని, నగర సభ్యుడు హార్వీ మిల్క్‌ని కాల్చి చంపాడు. ‘క్రీము కేకులు తిని మతి పోయి చంపానన్నాడు, జ్యూరీ నమ్మేసింది’ అని కథ. నిజానికి లాయర్లు చెప్పింది వేరు. అతను తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్నాడు, ఆరోగ్యం చూసుకునే మనిషి చెత్త తిండికి దిగడం దానికొక గుర్తు అన్నారు. కేకులు కారణమని కాదు. శిక్ష మాత్రం ఏడేళ్ల ఎనిమిది నెలలకి తగ్గింది. జనం మండిపడ్డారు, కాలిఫోర్నియా ఆ వాదనకు తావిచ్చిన చట్టాన్నే తీసేసింది.

కల్లు సహజమైనదే కదా, అది మానేస్తే ఎందుకంత గొడవ?

చెట్టు కల్లు వేరు, కాంపౌండ్ (కల్లు దుకాణం)లో అమ్మే కల్లు వేరు. తెలంగాణలో చాలాచోట్ల కల్తీ కల్లులో అల్ప్రజోలమ్, డయజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. ఏళ్ల తరబడి తాగినవాళ్లు తెలియకుండానే నిద్ర మాత్రలకి బానిసలై ఉంటారు. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలు మూసేసిన కొద్ది రోజులకే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం వరుస కట్టారు. వణుకు, నిద్ర లేకపోవడం, లేనివాళ్లు కనిపించడం, ఫిట్స్. కొందరు ఇంట్లోవాళ్ల మీదే పడ్డారు.

మద్యమైనా, కల్తీ కల్లైనా, రోజూ ఎక్కువగా తాగేవాళ్లని తాళం వేసి ఒక్కరోజులో మాన్పించాలనుకోవద్దు. మద్యం ఆపిన రెండు మూడు రోజులకి వచ్చే సన్నిపాతం లాంటి స్థితి ప్రాణం తీస్తుంది. ఆసుపత్రిలో మాన్పిస్తే మందులతో, బీ1 విటమిన్‌తో దాటించవచ్చు.

గంజాయి మనిషిని శాంతపరుస్తుందంటారు?

తాగిన గంటలో కావచ్చు. రోజూ పీల్చేవాడు ఆపిన వారంలో చూడండి, చిరాకు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం. కొందరిలో అనుమానం పెరిగి ‘అందరూ నా మీద కుట్ర చేస్తున్నారు’ అనే దాకా పోతుంది. ఇంట్లో మానసిక జబ్బు ఉన్నవారుంటే మరీ ప్రమాదం.

జిమ్‌లో ‘సైకిల్’ అని వేసుకునే టెస్టోస్టెరాన్ రకం ఇంజెక్షన్లని కూడా ఇక్కడే చెప్పేస్తాను. పైన చెప్పిన ప్రెడ్నిసలోన్ స్టెరాయిడ్లు వేరు, ఇవి వేరు. ఎక్కువ డోసుల్లో వీటితో కోపం, దూకుడు రావడం తెలిసిన విషయమే. ఆపాక డిప్రెషన్.

ఉప్పూ కారం తింటే రోషం వస్తుందా? ఉల్లి, వెల్లుల్లి మానేస్తే శాంతమా?

మన భాషే అలా నమ్మింది. ‘ఉప్పూ కారం తినే ఒళ్లు కాదూ!’ అంటే పౌరుషం ఉన్నవాడని. భగవద్గీత 17వ అధ్యాయంలో కూడా మితిమీరిన చేదు, పులుపు, ఉప్పు, వేడి, కారాలను రాజసమైన ఆహారంలో కలిపారు.

కారం నేరుగా కోపాన్ని పుట్టిస్తుందనడానికి సరైన ఆధారం లేదు. మిరపలో ఉండే క్యాప్సైసిన్ నాలుక మీద వేడిని గుర్తించే నరాలను తాకుతుంది, అందుకే మంట, చెమట. గుంటూరు, వరంగల్ మిర్చి యార్డుల పక్కన పుట్టినవాళ్లంతా కొట్టుకుచావడం లేదు కదా. కానీ రాత్రి పదింటికి గొడ్డు కారంతో తిని, ఛాతీలో మంటతో పొర్లినవాడు పొద్దున్నే ముఖం ముడుచుకుంటే అందులో వింత లేదు. ఉల్లి, వెల్లుల్లి మానడం మీ ఇష్టం, మీ ఆచారం. మాంసం తింటే క్రూరులవుతారన్న మాటని మాత్రం నేను ఒప్పుకోను. శాకాహారి అయిన మా దూరపు చుట్టం ఒకాయన కోపానికి ఊరంతా జడిసేది.

పిల్లలు స్వీట్లు తింటే గెంతులేస్తారు, కొట్టుకుంటారు. పంచదార వల్లేనా?

కాదు. 1995లో అప్పటిదాకా జరిగిన 23 ప్రయోగాలను కలిపి చూస్తే, పంచదార పిల్లల ప్రవర్తనని మార్చినట్టు తేలలేదు. అంతకు ముందు ఏడాది ఇంకో సరదా ప్రయోగం. పిల్లలందరికీ పంచదార లేని తీపి పానీయమే ఇచ్చి, కొందరు తల్లులకి ‘మీవాడికి పంచదార ఎక్కువ ఇచ్చాం’ అని చెప్పారు. ఆ తల్లులకే తమ పిల్లలు అల్లరిగా కనిపించారు. పుట్టినరోజు ఫంక్షన్‌లో గెంతడానికి కేకు అక్కర్లేదు, ఇరవై మంది పిల్లలు ఒకచోట చేరితే చాలు.

రంగుల సంగతి వేరు. బ్రిటన్‌లోని సౌతాంప్టన్‌లో 2007లో చేసిన ప్రయోగంలో కొన్ని కృత్రిమ రంగులు, సోడియం బెంజోయేట్ కలిపిన పానీయాలు కొందరు పిల్లల్లో కుదురు తగ్గించాయి. ప్రభావం చిన్నదే, అందరిలోనూ లేదు. అయినా యూరప్‌లో 2010 జులై నుంచి ఆ ఆరు రంగులున్న పదార్థాల మీద హెచ్చరిక వేయాలన్నారు. అందులో మనకి బాగా తెలిసిన టార్ట్రజిన్ పసుపు, సన్‌సెట్ ఎల్లో కూడా ఉన్నాయి. ప్యాకెట్ వెనక 102, 110 అనే నంబర్లు చూడండి.

చేప నూనె, విటమిన్ మాత్రలు కోపాన్ని తగ్గిస్తాయా?

ఈ ప్రశ్నకి జైల్లో జవాబు వెతికారు. జైల్లో ఎవరేం తిన్నారో, ఎవరు ఎవరిని కొట్టారో లెక్క ఉంటుంది కదా. ఇంగ్లండ్‌లోని ఐల్స్‌బరీ జైల్లో 231 మంది యువ ఖైదీలకి, సగం మందికి విటమిన్లు, ఖనిజాలు, అవసరమైన కొవ్వులున్న మాత్రలు, సగం మందికి ఉత్తుత్తి మాత్రలు ఇచ్చారు. 2002లో ఫలితాలు వచ్చాయి. అసలు మాత్రలు అందినవాళ్లు జైలు నియమాలను అతిక్రమించడం రెండోవాళ్లతో పోలిస్తే 26 శాతం తక్కువ. తర్వాత నెదర్లాండ్స్‌లో 221 మంది మీద చేసి 2010లో ప్రచురిస్తే గొడవల రిపోర్టులు అలాగే తగ్గాయి. కానీ ఖైదీలనీ, సిబ్బందినీ ప్రశ్నాపత్రాలతో అడిగితే కోపంలో తేడా కనపడలేదు. ఈ రెండో సంగతి యూట్యూబ్‌లో ఎవరూ చెప్పరు.

నా చదువు ప్రకారం, తిండి సరిగా లేనివాళ్లకి లోటు పూడిస్తే మేలు కనిపించే అవకాశం ఉంది. ఒమేగా-3 మీద జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే కొద్దిపాటి మేలే. బాగా తినేవాళ్లు నెలకి ఎనిమిది వందలు పోసి డబ్బా కొంటే ప్రధానంగా లాభం నాకే. వారానికి రెండుసార్లు కవళ్ల చేపలు కొనుక్కోండి. శాకాహారులైతే అవిసె గింజల పొడి, చేపంత కాకపోయినా.

తిండి లోపం వల్ల నిజంగా మతి చెడిన సందర్భాలు మన దగ్గర ఉన్నాయా?

ఉన్నాయి, అదీ హైదరాబాద్‌లోనే లోతుగా తేల్చిన కథ. జబ్బు పేరు పెలాగ్రా. మెడ చుట్టూ గొలుసులా, ఎండ తగిలే చేతుల మీద చర్మం నల్లబడి పగులుతుంది. విరేచనాలు. వాటితో పాటు చిరాకు, దిగులు, నిద్రలేమి, ముదిరితే మతిభ్రమణం. నియాసిన్ అనే బీ విటమిన్ లోపం. మొక్కజొన్న మీదే బతికిన అమెరికా దక్షిణ రాష్ట్రాల పేదల్లో ఇది విపరీతంగా ఉండేది. జబ్బు అంటువ్యాధి కాదు, తిండిలోని లోటు అని జోసెఫ్ గోల్డ్‌బర్గర్ మిసిసిపీ జైల్లో 1915లో చూపించాడు.

మన దక్కన్‌లో ఇది జొన్నే ఆధారంగా బతికిన పేద కూలీల్లో కనిపించింది. జొన్నలో నియాసిన్ మొక్కజొన్నంత తక్కువేమీ కాదు. మరెందుకు? హైదరాబాద్‌లో తర్వాత జాతీయ పోషకాహార సంస్థగా మారిన ప్రయోగశాలలో సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతయ్య 1960లో ఒక జవాబు ప్రతిపాదించారు: జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం మరీ ఎక్కువ, అది ఒంట్లో నియాసిన్ తయారీకి అడ్డం పడుతుందని. ఈ వాదన మీద తర్వాత చర్చలు జరిగాయి. కానీ మాడిన చర్మంతో, అర్థం లేని మాటలతో వచ్చిన కూలీకి కొద్దిపాటి విటమిన్ ఇస్తే కొన్ని రోజుల్లోనే మనిషి తేరుకునేవాడన్నది మాత్రం డాక్టర్లు కళ్లారా చూసినది.

ఇప్పుడు మిల్లెట్ల మోజులో ఉన్నవాళ్లు కంగారు పడకండి. జొన్న రొట్టెతో పప్పు, ఆకుకూర, పెరుగు, గుడ్డు తినేవారికి ఇది రాదు. అప్పటి వాళ్లకి ఆ ‘తో’ లేదు. ఈ రోజుల్లో నాకు తెలిసి పెలాగ్రా ఎక్కువగా కనిపించేది తిండి మానేసి తాగేవాళ్లలో.

నేటి లోటు బీ12, ఐరన్. మాంసం, గుడ్డు తిననివాళ్లు, ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, ‘గ్యాస్ మాత్ర’ రోజూ మింగేవాళ్లు బీ12 పరీక్ష చేయించుకోవాలి. అరికాళ్ల తిమ్మిర్లతో పాటు మతిమరుపు, చిరాకు వస్తాయి. ఐరన్ అయితే 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇంట్లో అందరికంటే చివర తినే మనిషికి ఓపిక లేదని నిందించే ముందు ఆ అంకె గుర్తు చేసుకోండి. అన్నం తినగానే టీ తాగకండి, ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

మావాడికి ఎవరో పెట్టుడు మందు పెట్టారంటున్నారు. కక్కించేవాళ్ల దగ్గరకి తీసుకెళ్లమంటారా?

వద్దు. అక్కడ పసరు పోసి కక్కిస్తారు, కక్కులో ముందే సిద్ధం చేసుకున్న వెంట్రుకల ఉండ చూపిస్తారు. ఆ పసరుతో ఊపిరితిత్తుల్లోకి వాంతి పోతే ప్రాణం మీదకొస్తుంది. నన్నడిగితే, మనిషి మారాడన్న మీ గమనిక నిజమే, కారణమే వేరు. పాతికేళ్ల లోపు కుర్రాడు నెలల తరబడి గది దాటకుండా, తనలో తాను మాట్లాడుకుంటూ, అన్నంలో విషం కలిపారంటున్నాడంటే అది చికిత్స ఉన్న జబ్బు. జేబులూ చూడండి, చీటీలూ చూడండి. టెలీ మానస్ వాళ్లు 14416లో తెలుగులోనే మాట్లాడతారు, ఫోన్‌కి డబ్బులు పడవు.

చెయ్యి చేసుకుంటున్నాడంటే మాత్రం కారణం వెతకడం తర్వాత. ముందు మీరూ, పిల్లలూ పక్కకు తప్పుకోండి. 112 ఉంది, ఆడవాళ్లకి 181 ఉంది.

డాక్టర్ దగ్గరకి రమ్మంటే ‘నాకేం పిచ్చా’ అంటున్నారు. ఎలా తీసుకెళ్లాలి?

కోపం మాట ఎత్తకండి. “మాత్రలు ఎక్కువైపోయాయి, ఏవి ఉంచాలో ఏవి తీసేయాలో ఒకసారి అడుగుదాం” అనండి. ఇది అబద్ధం కూడా కాదు. చాలామంది మగవాళ్లు దీనికి వస్తారు. ఇంట్లో ఉన్న మందులన్నీ ఒక క్యారీ బ్యాగులో వేసుకెళ్లండి. ఆయుర్వేదం పొడి, పక్కింటాయన ఇచ్చిన నొప్పి మాత్ర, జిమ్ డబ్బా, గ్యాస్ మాత్ర, అన్నీ. స్ట్రిప్‌లో సగం కత్తిరించి పేరు పోయినవి ఉంటే అవి కూడా, మాత్ర రంగు చూసి చెప్పగలిగేవాళ్లం ఉంటాం. ఎన్ని పెగ్గులో, ఎన్ని టీలో తక్కువ చేసి చెప్పకండి. ఆ పాల లెక్క కాలెండర్‌ని కూడా మేకు నుంచి తీసి చుట్టి పట్టుకెళ్లండి.